పాత కారు సిగ్నల్ దగ్గర వణుకుతోందా? పార్టులు మార్చే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈరోజు ఎపిసోడ్ ఒక శబ్దంతో మొదలుపెడతాను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

[ఇంజన్ శబ్దం]

విన్నారు కదా? డుర్‌ర్... డుగ్. డుర్‌ర్... డుగ్. మధ్యలో ఆ "డుగ్" ఉంది చూశారా, ఒక అడుగు తప్పినట్టు? మన మెకానిక్ షెడ్లలో దీన్నే "మిస్సింగ్" అంటారు. ఇది మా నాన్న కారు. 2010 డిసెంబర్‌లో కొన్నది. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీ అని అడగకండి. ఇది ఏ కంపెనీ బండికైనా వచ్చే జబ్బే.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఈ రిపేర్ నాకు నాలుగు వేల లోపు అయిపోవాల్సింది. అయింది ఇరవై ఏడు వేల పైన. తేడా అంతా నా పొరపాటే. అదేంటో చివర్లో వస్తుంది, మీరు మాత్రం చేయకండి.

అసలు ఏం జరిగింది

మాది తెనాలి. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి గుంటూరు తీసుకెళ్లాలి. బస్సు మెట్లు ఎక్కలేరు, ఆటోలో పాతిక కిలోమీటర్లు కూర్చోలేరు. కాబట్టి కారే దిక్కు.

ఆగస్టులో, వానలు పడుతున్న రోజుల్లో, బండికి వాటర్ సర్వీసింగ్ చేయించాను. "ఇంజన్ కూడా కొట్టేయమంటారా?" అన్నాడు కుర్రాడు. శుభ్రంగా ఉంటుంది కదా అని కొట్టేయమన్నాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే స్టీరింగ్ వణుకుతోంది. రెండు నిమిషాలకి సర్దుకుంది. నేనూ సర్దుకున్నాను. అలా మూడు వారాలు తిప్పాను.

ఒకరోజు నారాకోడూరు దగ్గర లారీని దాటుదామని ఆక్సిలేటర్ తొక్కితే బండి ముందుకు పోదే! జర్క్ మీద జర్క్. డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ టపటపా ఆరి వెలుగుతోంది. పక్కకి తీసి ఆపాను. ఐడిల్‌లోకి రాగానే ఇంజన్ ఆగిపోయింది. నాన్న పక్క సీట్లో కాలు చాపుకుని కూర్చుని ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

మొదటి షెడ్డులో స్కానర్ పెట్టి "మిశ్రమం పలచగా ఉందని కోడ్ వచ్చింది, ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి, 16 వేలు" అన్నారు. రెండో షెడ్డులో స్కానర్ కూడా పెట్టలేదు. శబ్దం విని "హెడ్ దించాలి తమ్ముడూ, 35 వేల దాకా అవుతుంది" అన్నారు. ఇంకొకాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి "15 ఏళ్లు నిండబోతున్నాయి, ఆర్‌సీ రెన్యువల్ గొడవ ఎందుకు, 60 వేలకి ఇచ్చేయండి" అన్నాడు. నాన్న ఆ రాత్రి "ఇచ్చేద్దాంలేరా" అన్నారు. ఆ కారు ఆయన రిటైర్ అయ్యే ముందు ఏడాది కొన్నది. ఇచ్చేయాలని ఆయనకి లేదని నాకు తెలుసు. అప్పుడు కూర్చుని, అసలు మిస్‌ఫైర్ అంటే ఏంటో మొదటి నుంచి నేర్చుకున్నాను. నేర్చుకున్నదే మీకు చెప్తున్నాను.

ఇంజన్‌కి కావాల్సినవి మూడే

పెట్రోల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ నాలుగు పనులు వరసగా చేస్తుంది. గాలి, పెట్రోల్ పీల్చుకుంటుంది. దాన్ని నొక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ వేస్తే మండి పిస్టన్‌ని కిందకి తోస్తుంది. పొగని బయటికి పంపేస్తుంది. ఈ నాలుగు పనులకీ క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. బండి సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడినప్పుడు ఇంజన్ సుమారు 800 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. అంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండాలి. నాలుగూ కలిపితే 1,600 సార్లు. సెకనుకి దాదాపు 27. అందులో ఒక సిలిండర్ పని మానేస్తే మిగతా మూడూ దాన్ని మోయాలి. ఆ మోతే మీకు స్టీరింగ్‌లో వణుకుగా తెలుస్తుంది.

సిలిండర్ ఎందుకు మండదు? మూడే కారణాలు. నిప్పురవ్వ సరిగ్గా లేకపోవడం. గాలి, పెట్రోల్ పాళ్లు తప్పడం. పెట్రోల్‌కి ఆ పాళ్లు బరువులో 14.7 వంతుల గాలికి ఒక వంతు. మూడోది కంప్రెషన్ లేకపోవడం, అంటే నొక్కిన గాలి ఎక్కడి నుంచో కారిపోవడం. మీ బండిది ఏ కంపెనీ అయినా, ఏ సంవత్సరం అయినా, జబ్బు ఈ మూడు గదుల్లో ఎక్కడో ఒకచోటే ఉంటుంది. మన పని ఏ గదిలో ఉందో కనిపెట్టడం. అది తెలియకుండా కొన్న ప్రతి పార్టూ లాటరీ టికెట్టే.

(డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్ ఉండదు. దాని కథ వేరు, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.)

ముందు అసలు మిస్సింగేనా చూడండి

బండి వణికిందంటే మిస్సింగే అని కాదు. ఇంజన్‌ని పట్టుకుని ఉండే మౌంటింగ్ రబ్బర్లు పాతబడితే కూడా వణుకుతుంది. తేడా ఎలా తెలుస్తుంది?

బండిని ఆరుబయట నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర శబ్దం వినండి. కొంచెం దూరంలో ఒక కాగితం పట్టుకోండి. గాలి ఒకే వరసలో, సమానంగా తోస్తుంటే ఇంజన్ బానే మండుతోంది, అప్పుడు మౌంటింగులు చూడాలి. మధ్యమధ్యలో "పుక్, పుక్" అని తడబడుతుంటే మిస్సింగ్. మౌంటింగ్ పోతే ఆర్‌పీఎం ముల్లు కదలదు, బండి మాత్రమే వణుకుతుంది. మిస్సింగ్‌లో ముల్లు కూడా కిందామీదా అవుతుంది.

రెండోది, అది ఎప్పుడు వస్తోందో రాసుకోండి. నిజంగా ఫోన్ నోట్స్‌లో రాయండి. సగం రోగం అక్కడే దొరుకుతుంది.

సిగ్నల్ దగ్గర మాత్రమే వణికి, ఆక్సిలేటర్ ఇవ్వగానే సర్దుకుంటే, ఎక్కడో గాలి లీకవుతోందేమో, థ్రాటిల్ బాడీకి కార్బన్ పట్టిందేమో చూడాలి.

లోడ్ పడినప్పుడు, అంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు జర్క్ ఇస్తే, నిప్పురవ్వ మీద అనుమానం పెట్టుకోండి. లోడ్‌లో సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. నీరసించిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది.

హైవే మీద ఎక్కువ స్పీడులో పికప్ పడిపోతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టరు చూడాలి.

వాన పడ్డాకో, కడిగాకో మొదలైతే తడి. నా బండిలో సరిగ్గా ఇదే. కానీ నేను ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

ఫోన్‌తో కోడ్ చదవడం

ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఉంటుంది, ఈసీయూ అంటాం. క్రాంక్ తిరిగే వేగాన్ని ఒక సెన్సర్ క్షణక్షణం కొలుస్తుంది. ప్రతి సిలిండర్ మండినప్పుడు క్రాంక్‌కి ఒక తోపు రావాలి. ఆ తోపు రావాల్సిన చోట వేగం తగ్గితే ఈసీయూకి తెలిసిపోతుంది, ఫలానా నంబర్ సిలిండర్ ఎగ్గొట్టింది అని.

దాన్ని చదవడానికి ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను. 900 రూపాయలు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి పెట్టి ఫోన్ యాప్‌తో కలపడమే. మన దగ్గర బాగా పాత బండ్లలో సాకెట్ ఉన్నా ఇది మాట్లాడకపోవచ్చు, కొనే ముందు ఎవరిదైనా తెచ్చి ఒకసారి పెట్టి చూడండి. అమెరికాలో చదువుకోవడానికెళ్లి పాత సెడాన్ కొనుక్కున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఆ ఇబ్బంది లేదు. అక్కడ 1996 నుంచి అన్ని కార్లకీ ఇది తప్పనిసరి. అక్కడ చాలా స్పేర్ పార్టుల షాపుల్లో కోడ్ ఉచితంగానే చదివి పెడతారు.

కోడ్ చదవడం తేలిక. పీ0300 అంటే ఏ సిలిండరో తేలలేదు, అక్కడా ఇక్కడా మిస్సవుతోంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అలా. ఒకే సిలిండర్ అయితే ఆ సిలిండర్‌కి మాత్రమే ఉన్న వస్తువులు చూడాలి: దాని కాయిల్, దాని ప్లగ్గు, దాని ఇంజెక్టర్, దాని వాల్వులు. అన్నీ మిస్సవుతుంటే అందరికీ ఉమ్మడిగా ఉన్నవి చూడాలి: గాలి లీకు, పెట్రోల్ ప్రెషర్, కల్తీ పెట్రోల్, సెన్సర్లు.

నా బండిలో రెండు కోడ్లు వచ్చాయి. పీ0303, పీ0171. రెండోదే మొదటి షెడ్డు ఆయన్ని తప్పుదారి పట్టించింది. పీ0171 అంటే "మిశ్రమం పలచగా ఉంది" అని. నిజానికి ఏం జరిగిందంటే, మూడో సిలిండర్ మండలేదు. మండకపోతే అందులోని గాలి, ఆక్సిజన్‌తో సహా, అలాగే సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది. అక్కడున్న ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోల్ తెలియదు, ఆక్సిజనే తెలుసు. "అమ్మో, గాలి ఎక్కువైంది" అని చెప్తుంది. ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది. అంటే ఆ కోడ్ జబ్బు కాదు, జబ్బు వల్ల వచ్చిన జ్వరం. ఆయన మోసం చేశారని నేను అనను. ఆయన కోడ్‌ని నమ్మారు, పరీక్ష చేయలేదు. అంతే. మిస్‌ఫైర్ కోడ్, పలచన కోడ్ రెండూ కలిసి వస్తే ముందు మిస్‌ఫైర్ సంగతి తేల్చండి.

ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. మార్చి చూడటం.

ప్రతి ప్లగ్గు మీద విడి కాయిల్ ఉన్న బండ్లకి ఇది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండో దాంట్లో పెట్టాను. రెండోది తీసి మూడో దాంట్లో. కోడ్ చెరిపేసి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాను. మళ్లీ చదివితే... పీ0302. జబ్బు కాయిల్‌తో పాటు రెండో ఇంటికి వెళ్లిపోయింది! అంటే దోషి కాయిలే. వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒకవేళ కోడ్ పీ0303 దగ్గరే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. అదీ కదలకపోతే ఇంజెక్టర్. మీ ఇంజన్‌లో తీయడం తేలికైతే దాన్నీ మార్చి చూడొచ్చు. కానీ అది పెట్రోల్ లైన్, ప్రెషర్‌తో ఉంటుంది, అనుభవం లేకపోతే మెకానిక్‌కే వదిలేయండి. మూడూ కదలకపోతే కంప్రెషన్ చూడాలి.

సిలిండర్ నంబర్లు మామూలుగా ఇంజన్ బెల్టు ఉన్న వైపు నుంచి మొదలవుతాయి. కొన్నింటిలో తేడా ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి.

స్కానర్ పని చేయని పాత బండి అయితే? ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కోటి పీకి పెట్టండి. బాగున్న సిలిండర్‌ది పీకితే ఇంజన్ ఇంకా కుంటుతుంది. పడుకున్న సిలిండర్‌ది పీకితే ఏ తేడా ఉండదు. అదే దొంగ. కాయిల్ వైర్ పీకి చూసే అలవాటు చాలామందికి ఉంది, అది వద్దు. అందులో వేల వోల్టులు ఉంటాయి, పైగా మండని పెట్రోల్ అంతా సైలెన్సర్‌లోకి పోతుంది. ప్లగ్ వైర్లున్న బండి అయితే రాత్రి లైట్లు ఆపేసి బానెట్ ఎత్తి చూడండి. పగిలిన వైర్ దగ్గర నీలం రవ్వలు చిటపటలాడుతూ కనిపిస్తాయి.

ప్లగ్గు చెప్పే కబుర్లు

ఇక్కడ నా మొదటి తప్పు ఒప్పుకుంటాను. స్కానర్ కొనకముందే ప్లగ్గుల సెట్టు 1,200 పెట్టి, పెట్రోల్‌లో పోసే క్లీనర్ సీసా 450 పెట్టి కొన్నాను. ఏ తేడా రాలేదు. రాదు కూడా. పైగా ఆ రోజే మూడో కాయిల్ పైకి తీసినప్పుడు దాని రబ్బరు మీద తుప్పు, ప్లగ్గు గుంటలో నూనె కనిపించాయి. కళ్లతో చూశాను, బుర్రకి ఎక్కలేదు. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టేశాను.

ప్లగ్గు తీసినప్పుడు తొందరపడకండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది లేదా రవ్వ నీరసంగా ఉంది. నూనె తడి ఉంటే సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతోంది. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే వేడి ఎక్కువైంది, మిశ్రమం పలచగా ఉంది. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే పెట్రోల్ వచ్చింది కానీ మండలేదు. నా మూడో ప్లగ్గు అలాగే ఉంది. నాలుగూ తీసి వరసగా పేర్చి ఫోటో తీసుకోండి. మిగతా మూడింటికీ భిన్నంగా ఉన్నదే మీతో మాట్లాడుతోంది.

బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే. హెడ్ అల్యూమినియం, మర అడ్డం పడితే ఖర్చు ఎక్కడికో వెళ్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

అసలు కారణం ఏం తేలింది

కాయిల్ 2,300. మార్చాను, మిస్సింగ్ పోయింది. కానీ కాయిల్ ఎందుకు పోయింది అని అడగకపోతే రెండోది కూడా పోతుంది. పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఎండిపోయి గట్టిపడి, నూనె మెల్లగా ప్లగ్గు గుంటలోకి దిగుతోంది. నూనెలో నానిన కాయిల్ రబ్బరు ఉబ్బి చీలింది. దాని మీద నేను హై ప్రెషర్‌తో నీళ్లు కొట్టించాను. ఆ చీలికలో నుంచి కరెంటు ప్లగ్గుకి వెళ్లకుండా పక్కనున్న ఇనుముకి దారి వెతుక్కుంది. ఒకసారి దారి పడితే అక్కడ సన్నటి మసి గీత పడుతుంది. ఇక ఎప్పుడూ అదే దారి. గ్యాస్కెట్‌కి 700, మార్చినందుకు 500.

కాబట్టి పాత బండి ఇంజన్ మీద హై ప్రెషర్ నీళ్లు కొట్టించకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అయినా ఐడిల్ కుదురుగా లేదు. వణుకు లేదు, కానీ ముల్లు 850 నుంచి 1,050కి, మళ్లీ 850కి, ఉయ్యాలలా ఊగుతోంది. ఇది రెండో జబ్బు. పాత బండ్లలో జబ్బులు జంటగా వస్తాయి.

ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపల ఇంజన్ గట్టిగా పీలుస్తుంటుంది. ఎక్కడైనా రబ్బరు గొట్టం చీలితే అక్కడి నుంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. ఆక్సిలేటర్ తొక్కితే లోపలికి వెళ్లే గాలి మొత్తం పెరుగుతుంది, ఈ దొంగ గాలి వాటా తగ్గిపోతుంది. అందుకే స్పీడులో ఏమీ తెలియదు.

వెతకడం ఎలా? చాలా వీడియోల్లో మండే క్లీనర్ స్ప్రే కొట్టి చూపిస్తారు. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో చెలగాటం. నేను మొక్కలకి నీళ్లు చిమ్మే సీసా వాడాను. కాయిల్స్ మీద, కనెక్టర్ల మీద పడకుండా, గొట్టాల అతుకుల దగ్గర మాత్రమే సన్నగా చిమ్మండి. చీలిక మీద నీళ్లు పడ్డ క్షణం అది మూసుకుని ఇంజన్ శబ్దం మారుతుంది. నాకు పీసీవీ గొట్టం కింద వైపు దొరికింది, పైనుంచి చూస్తే కనిపించదు. వంచితే నోరు తెరిచింది. 250 రూపాయలు.

గాలి బరువు కొలిచే సెన్సర్ ఉన్న బండ్లకి ఇంకో దారి ఉంది. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ప్లస్ పదిహేను దాకా ఉండి, 2,500 ఆర్‌పీఎంలో రెండు మూడుకి దిగిపోతే గాలి లీకే. స్పీడు పెంచేకొద్దీ ఇంకా పెరిగితే పెట్రోల్ చాలడం లేదు, పంపు, ఫిల్టరు చూడాలి. మాదానిలా ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న బండ్లలో ట్రిమ్ అంతగా పట్టివ్వదు, ఐడిల్ పెరగడం, ఊగడం కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మన పాత బండ్లు దాని కోసం తయారైనవి కావు. నా గొట్టం దానివల్లే చీలిందని నేను చెప్పను, అది పదిహేనేళ్ల వేడికి చీలింది. కానీ ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, కాబట్టి బండిని నెలల తరబడి అలా నిలబెట్టేయకండి. పెట్రోల్ గొట్టాలు, సీళ్లు ప్రతి సర్వీసులో చూపించుకోండి.

హెడ్ దించమన్నప్పుడు ఏమడగాలి

"కంప్రెషన్ ఎంత వచ్చిందన్నా?" అని అడగండి. అంతే. కంప్రెషన్ గేజ్ పెట్టి చూడకుండా హెడ్ దించమనడం, ఎక్స్‌రే తీయకుండా ఆపరేషన్ అనడం లాంటిది. ఆరోగ్యంగా ఉన్న చాలా పెట్రోల్ ఇంజన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది పదిహేను శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే పిస్టన్ రింగులు. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో పడిపోతే హెడ్ గ్యాస్కెట్. ఎల్‌పీజీ, సీఎన్‌జీ మీద ఎక్కువ తిరిగిన బండి అయితే వాల్వ్ క్లియరెన్స్ కూడా చూపించండి.

మా బండికి తర్వాత నేనే చూపించాను. నాలుగూ 170 దగ్గర్లోనే ఉన్నాయి. 35 వేలు పెట్టి బాగున్న హెడ్డు దించేవాళ్లం.

ఇప్పుడు నా పొరపాటు

పసుపు లైటు నిలకడగా వెలిగితే "వీలు చూసుకుని చూపించు" అని. ఆరి వెలిగితే "ఇప్పుడే ఆపు" అని. ఈ తేడా నాకు తెలియదు. అసలు ఆ మూడు వారాల్లో లైటు అప్పుడప్పుడు మిణుకుమంది కూడా. వర్షానికి వైరింగేదో తడిసిందనుకున్నాను.

మండని పెట్రోల్ ఎక్కడికి పోతుంది? సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ గూడు, దాని మీద ఖరీదైన లోహాల పూత. పొగలోని విషాన్ని తగ్గించడం దాని పని. మండని పెట్రోల్ అక్కడికెళ్లి అక్కడ మండుతుంది. గూడు ఎర్రగా కాలి, కరిగి, విరిగిపోతుంది. రిపేరంతా అయ్యి నేను సంతోషపడుతున్న వారానికి పీ0420 అని కొత్త కోడ్. కింద నుంచి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు శబ్దం. పొల్యూషన్ చెక్‌లో ఫెయిల్.

"లోపలిది పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించేద్దాం, రెండు వేలు" అని ఒక సలహా వచ్చింది. చేయించలేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా బండి తిప్పకూడదు, రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. అవన్నీ అలా ఉంచండి, ఆ పొగ మా వీధి పిల్లలే పీల్చాలి. కొత్తది 22 వేలు అయింది.

లెక్క చూడండి. కాయిల్, గ్యాస్కెట్, గొట్టం కలిపి 3,750. తొందరపడి కొన్నవి 1,650. మూడు వారాల నిర్లక్ష్యం 22,000.

చివరిగా, బానెట్ ఎత్తే ముందు

తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి, ఆ పొగకి వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది. చున్నీ, వదులు చేతులు, మెడలో గొలుసు బెల్టుల దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు. పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే స్టార్ట్ చేయకండి. తెల్ల పొగ ఆగకుండా వస్తున్నా, టెంపరేచర్ ఎక్కుతున్నా, ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపించినా బండి ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయండి.

మెకానిక్‌లని అనుమానించమని నేను చెప్పడం లేదు. గ్యాస్కెట్ మార్చింది, కంప్రెషన్ కొలిచింది మా వీధి చివర షెడ్డు అన్నే. నేను కాయిల్ మార్చి చూసిన సంగతి చెప్తే "మరి ముందే చెప్పొచ్చుగా తమ్ముడూ, నాకు సగం పని తగ్గేది" అన్నాడు. లక్షణాలు రాసుకెళ్లండి, కోడ్ స్క్రీన్‌షాట్ చూపించండి, "ఇది మార్చే ముందు పరీక్ష ఏం చేస్తారన్నా?" అని మర్యాదగా అడగండి. మంచి పనివాడికి ఆ ప్రశ్న కోపం తెప్పించదు.

ఇదిగో, ఇప్పటి శబ్దం.

[ఇంజన్ శబ్దం]

డుర్‌ర్... అంతే. "డుగ్" లేదు. పోయిన మంగళవారం గుంటూరు వెళ్తుంటే సిగ్నల్ దగ్గర నాన్న "ఒరేయ్, ఇంజన్ ఆగిపోయిందా?" అన్నారు. లేదు నాన్నా, నడుస్తోంది అన్నాను. ఆయన డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టి చూసి, ఊరుకున్నారు.

మీ బండిలో లైటు వెలుగుతుంటే రేపటి దాకా ఆగకండి. ఆరి వెలుగుతుంటే అసలు ఆగకండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.